అమరావతి స్తూపం ఎన్ని ఊళ్ళలో ఉంది?

అమరావతి స్తూపం చూడాలని బయల్దేరినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? గుంటూరులో బస్సెక్కి అమరావతిలో దిగితే కనిపించేది ఎత్తు లేని ఒక దిబ్బ, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం. శిల్పాల్లో పెద్ద వాటా చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాదాపు 120 రాళ్ళు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటిలో కొన్నిటిని 33ఏ గదిలో గాజు తెర వెనక నిలబెట్టారు. కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో కొన్ని, పారిస్‌లోని గిమే మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. రెండువేల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున ఒకే చోట నిలిచిన కట్టడాన్ని పూర్తిగా చూడాలంటే ఈరోజు పాస్‌పోర్టు, వీసా, రెండు ఖండాల ప్రయాణం కావాలి.

ఏ రాయినీ దాని చోటు నుంచి కదపకుండా ఈ స్తూపాన్ని మళ్ళీ ఒక్కచోట చూడగలమా? పాతికేళ్ళ కిందట ఈ ప్రశ్న వేస్తే ఊహాగానంగా తోచేది. ఇప్పుడు దానికి కావలసిన పనిముట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలుసుకుంటే మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

రాళ్ళు ఎలా చెదిరాయి

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టాడు. కట్టడాలకు రాయి కావాలి. ఊరి దక్షిణాన జనం దీపాల దిన్నె అని పిలిచే దిబ్బను తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి, మెట్లలోకి వెళ్ళాయి. పల్నాటి సున్నపురాయి కావడంతో కొన్నిటిని కాల్చి సున్నం చేశారు.

ఈ సంగతి విని 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తన సహాయకులైన కావలి సోదరులను వెంటబెట్టుకుని దక్షిణాదంతా తిరిగి, ఊళ్ళ చరిత్రలైన కైఫియత్తులు సేకరించిన ఆ మెకంజీయే. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగాన్ని చెరువుగా తవ్వేసి ఉన్నారు. అప్పుడు ఆయన తన సర్వేయర్ల చేత, చిత్రకారుల చేత మిగిలిన రాళ్ళకు కొలతలతో సహా బొమ్మలు గీయించాడు. ఎనభైకి పైగా ఉన్న ఆ చిత్రాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే రాళ్ళలో చాలా ఇప్పుడు ఎక్కడా లేవు. వాటికి మిగిలిన ఆనవాలు ఆ కాగితాలే.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకం జరిపి రాళ్ళను మద్రాసుకు తరలించాడు. 1858లో లినేయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫర్ మద్రాసు మ్యూజియంలో వాటికి ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో పెద్ద భాగం ఓడెక్కి లండన్ వెళ్ళింది, 1880లో బ్రిటిష్ మ్యూజియం పరమైంది. తర్వాత రాబర్ట్ సూవెల్, జేమ్స్ బర్జెస్, అలెగ్జాండర్ రీ ఒకరి వెనక ఒకరు తవ్వారు. వాళ్ళు వెలికితీసినవి ఎక్కువగా మద్రాసులోనే ఉండిపోయాయి.

ఈ కథలో విజ్ఞానపరంగా విలువైన అంశం ఒకటుంది. రాయి పోయినా, కొలతలతో గీసిన బొమ్మ మిగిలితే ఆ రాయి గురించి ఈరోజుకీ చెప్పగలుగుతున్నాం. మెకంజీ చిత్రం, ట్రైప్ ఫొటో, నేటి డిజిటల్ నమూనా మూడూ ఒకే పనికి మూడు తరాల రూపాలు. మూడో తరం రూపం ఆ రెండూ చెయ్యలేనిది ఏం చేస్తుందన్నదే అసలు విషయం.

సెల్‌ఫోన్ ఫొటో ఎందుకు చాలదు

మ్యూజియంలో శిల్పానికి మనం తీసే ఫొటోలో మూడు లోపాలుంటాయి. పరిమాణం తెలియదు, రంగు నమ్మలేం, లోతు ఉండదు.

మొదటి రెండిటికీ పరిష్కారం తేలిక. రాయి పక్కన కొలబద్ద, దాని పక్కన రంగుల గళ్ళున్న ఒక అట్టముక్క పెట్టి ఫొటో తీస్తారు. ఆ గళ్ళలోని ప్రతి రంగు అసలు విలువ ముందే తెలుసు. గదిలోని పసుపు వెలుగు దీపం వల్ల తెల్ల గడి ఫొటోలో పసుపుగా పడిందనుకోండి, ఎంత పసుపు చేరిందో కంప్యూటర్ లెక్కగట్టి ఫొటో మొత్తంలోంచి అంత తీసేస్తుంది. చెన్నైలో ఒక దీపం కింద, లండన్‌లో ఇంకో దీపం కింద తీసిన రెండు రాళ్ళ రంగులను ఈ సవరణ తర్వాతే పోల్చగలం. ఇది చెయ్యకపోతే ఒకే గనిలో పుట్టిన రెండు పలకలు వేర్వేరు రాళ్ళలా కనిపిస్తాయి.

లోతు సంగతి ఇంకా ఆసక్తికరం. బొటనవేలిని ముఖం ముందు చాచి ఒక కన్ను మూసి చూడండి, తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. వెనక గోడ మీది క్యాలెండరు మాత్రం అంతగా జరగదు. దగ్గరున్నది ఎక్కువ జరుగుతుంది, దూరాన ఉన్నది తక్కువ జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. ఫొటోగ్రామెట్రీ అనే పద్ధతికి మూలం ఇదే.

శిల్పం చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలోని దృశ్యం తర్వాతి దాంట్లో సగానికి పైగా మళ్ళీ వచ్చేలా, వందల ఫొటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోలో గుర్తుపట్టదగ్గ చుక్కలను వెతుకుతుంది: తామర రేకు కొస, పగులు మలుపు, రాతిలోని మచ్చ. అదే చుక్క వేర్వేరు ఫొటోల్లో ఎక్కడెక్కడ పడిందో చూసి, ఫొటో తీసినప్పుడు కెమెరా ఎక్కడుందో, ఆ చుక్క ఎంత దూరంలో ఉందో రెండూ ఒకేసారి తేలుస్తుంది. ఇలా లక్షల చుక్కలు గాల్లో నిలిచి రాయి ఆకారం తయారవుతుంది. వాటిని కలిపి ఉపరితలం అల్లుతారు, దానిమీద ఫొటోల్లోని రంగును పరుస్తారు. కొలబద్ద ఇక్కడా తప్పనిసరి. అది లేకపోతే ఆకారం సరిగ్గానే వస్తుంది కానీ అది అరచేతి బొమ్మో ఆరడుగుల పలకో కంప్యూటర్‌కు తెలియదు.

దీంతో ఏం లాభం? బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి పలకనే చూద్దాం. స్తూపం అండానికి, అంటే గుమ్మటానికి, కింద ఉండే గుండ్రటి వేదికకు తాపడం చేసిన పలక అది. దానికి రెండు వైపులా శిల్పముంది. ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంనాటి పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలమది. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత ఇంకెవరో శిల్పులు ఆ పలకను వెనక్కి తిప్పి, రెండో వైపున స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఎదురుగా వేదిక మీద నిలిచే అయిదు ఆయక స్తంభాలు, పైన గాల్లో దేవతలు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది ఇలాంటి పలకల వల్లే. కట్టడం తన బొమ్మను తన ఒంటిమీదే దాచుకుంది. ఇలాంటి పలకను అచ్చు పుస్తకంలో చూపితే ఒక్కో పేజీలో ఒక్కో వైపే కనిపిస్తుంది. మూడు కొలతల నమూనాను వేలితో తిప్పితే రెండు వైపులూ, వాటి మధ్య ఉన్న మందమూ, తిరిగి చెక్కినప్పుడు అంచు ఎక్కడ తరిగారో కూడా కనిపిస్తాయి.

ఇంకో లాభం అతుకులకు సంబంధించినది. స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారంలో నిలువు స్తంభాలు, వాటి మధ్య మూడేసి అడ్డు కమ్మీలు ఉండేవి. శిల్పశాస్త్ర భాషలో కమ్మీని సూచి అంటారు. సూచి కొసలు స్తంభంలోని గూళ్ళలో దూరి కూర్చుంటాయి. స్తంభం చెన్నైలో, సూచి లండన్‌లో ఉంటే అవి ఒకదానికొకటి సరిపోతాయో లేదో చేత్తో పెట్టి చూడలేం. నమూనాలు రెండూ ఉంటే తెర మీద పెట్టి చూడొచ్చు. విరిగిన పలకల అంచులకూ ఇదే వర్తిస్తుంది.

ఫొటోలు ముందే తీసి ఉంటే, వస్తువు నాశనమైన తర్వాత కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేశారు. 1970లో రాబర్ట్ కోస్ట్‌కా అనే ఆస్ట్రియా ఆచార్యుడు కొలతలకు పనికొచ్చే కెమెరాతో పెద్ద బుద్ధుడి ఫొటోలు తీసి ఉన్నాడు. జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. విశ్వవిద్యాలయ బృందం ఆ ఫొటోల నుంచి విగ్రహం ఆకారాన్ని చీవరపు మడతలతో సహా తిరిగి లెక్కగట్టింది. విగ్రహం తిరిగి రాలేదు. దాని కొలతలు మాత్రం మనకు దక్కాయి.

[పెట్టె] వెలుగును జరిపి రాతను చదవడం

అరిగిపోయిన శాసనాన్ని చదవడానికి పండితులు సాయంత్రపు ఏటవాలు ఎండ కోసం ఎదురుచూసేవారు. నడినెత్తి ఎండలో కనిపించని గీత, పక్క నుంచి వెలుగు పడినప్పుడు నీడతో తేలుతుంది. 2001లో హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ ఇదే పనిని లెక్కల్లోకి తెచ్చాడు.

కెమెరా కదలదు, రాయి కదలదు. దీపం ఒక్కటే చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చోటు నుంచి ఒక్కో ఫొటో చొప్పున కొన్ని డజన్లు తీస్తారు. రాయి పక్కన నల్లగా మెరిసే గోళీ ఒకటి పెడతారు. గోళీ మీద మెరుపు ఎక్కడ పడిందో చూస్తే దీపం ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. రాతి మీది ప్రతి చుక్కా ఏ దిక్కు వెలుగుకు ఎంత మెరిసిందో పోల్చి, అక్కడ రాయి ఎటు వాలి ఉందో కంప్యూటర్ తేలుస్తుంది. ఆ తర్వాత తెర మీద మనకు ఇష్టమైన దిక్కు నుంచి వెలుగు వేసుకోవచ్చు, రాతి రంగును తీసేసి గీతలను మాత్రమే చూడొచ్చు.

తాటాకు గ్రంథాలకూ ఇది అక్కరకొస్తుంది. గంటంతో గీసి మసి పూసిన రాతలో మసి పోయినా గీత మిగిలే ఉంటుంది.

అసలు అతికించేది ఏమిటి

ఇంతవరకూ చెప్పింది కెమెరా గొప్పతనం. చెదిరిన వారసత్వాన్ని కలపడంలో ఎక్కువ మెప్పు దానికే దక్కుతుంది. నా దృష్టిలో అసలు పని చేసేది అది కాదు. చెన్నైలో వెయ్యి అద్భుతమైన ఫొటోలు, లండన్‌లో ఇంకో వెయ్యి ఉన్నా, అవి ఎవరి కంప్యూటర్లో వాళ్ళ దగ్గర, ఎవరి పద్ధతిలో వాళ్ళకు ఉంటే స్తూపం చెదిరినట్టే లెక్క. కలిపేది చిరునామా. ఎక్కడి బొమ్మనైనా ఒకే తీరులో అడిగి తెచ్చుకోవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి.

ఇది అర్థం కావాలంటే ముందు బొమ్మ బరువు తెలియాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక చిత్రపటాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 5.5 కోట్లకు పైగా చుక్కలవుతాయి. కుదించకుండా దాచితే 160 మెగాబైట్లు దాటుతుంది. మన ఫోన్ తెర చూపగలిగేది మహా అయితే కొన్ని పదుల లక్షల చుక్కలు. మొత్తం బొమ్మను దింపుకోవడం దండగ.

అందుకని బొమ్మను సర్వర్‌లోనే చిన్న చిన్న చతురస్రాలుగా విడగొడతారు. అదే బొమ్మను సగానికి తగ్గించి ఒకసారి, పావుకు తగ్గించి ఒకసారి, ఇంకా తగ్గించి మరోసారి విడగొట్టి ఉంచుతారు. మనం దూరం నుంచి చూస్తున్నప్పుడు చిన్న బొమ్మ వస్తుంది. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే, తెరలో కనిపించే మేరకు పెద్ద బొమ్మలోని నాలుగైదు ముక్కలే వస్తాయి. ఇన్ని సైజులు దాచినా అదనంగా పట్టే చోటు అసలు బొమ్మలో మూడో వంతే. పల్లెలో ఉన్న మామూలు సిగ్నల్‌కు కూడా చిత్రంలోని పక్షి ఈక మీది గీత దాకా వెళ్ళగలగడానికి కారణం ఇదే.

బొమ్మలో ఏ భాగం కావాలి, ఎంత సైజులో కావాలి అన్నది వెబ్ చిరునామాలోనే రాసి అడిగే ఉమ్మడి పద్ధతి ఒకటుంది. దాన్ని ‘ట్రిపుల్ ఐ ఎఫ్’ అంటారు. 2011లో స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, బ్రిటిష్ లైబ్రరీ వంటి కొన్ని సంస్థల వాళ్ళు కలిసి మొదలుపెట్టిన ప్రమాణం అది. అంతకుముందు ప్రతి గ్రంథాలయం తన బొమ్మలకు తన సొంత సాఫ్ట్‌వేర్ కట్టుకునేది. ఒకరి బొమ్మ ఇంకొకరి తెరలో తెరుచుకునేది కాదు.

ఈ ప్రమాణంలో రెండో సగం మరీ ముఖ్యం. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు పెద్దలు పంపకాల కాగితం రాస్తారు. తాతగారి పందిరిమంచం పెద్దకొడుకు ఇంట్లో, ఇత్తడి గంగాళం చిన్నకొడుకు ఇంట్లో, భోషాణం కూతురింట్లో. వస్తువులు ఎవరింట్లో వాళ్ళ దగ్గరే ఉంటాయి. కానీ ఆ కాగితం చేతిలో ఉంటే తాతగారి ఇల్లు ఎలా ఉండేదో, ఏ గదిలో ఏముండేదో మనవడు చెప్పగలడు. ట్రిపుల్ ఐ ఎఫ్‌లో ఇలాంటి కాగితాన్ని మానిఫెస్ట్ అంటారు. అందులో ఒక్క బొమ్మ కూడా ఉండదు. మొదటి పుట చోటులో ఫలానా మ్యూజియం సర్వర్‌లోని ఫలానా బొమ్మ, రెండో పుట చోటులో ఇంకో దేశం సర్వర్‌లోని ఇంకో బొమ్మ అంటూ చిరునామాలే ఉంటాయి. బ్రౌజర్ ఆ జాబితా చదివి, ఒక్కో చోటు నుంచి ఒక్కో బొమ్మ రప్పించి వరసలో పేర్చి చూపిస్తుంది. పంచుకున్నవాళ్ళలో ఎవరి హక్కూ మారదు, ఎవరి వస్తువూ కదలదు.

దీన్ని కళ్ళకు కట్టే ఉదాహరణ ఫ్రాన్స్‌లో ఉంది. షాతోరూ అనే పట్టణంలోని గ్రంథాలయంలో 15వ శతాబ్దంనాటి ఒక రాజుల చరిత్ర గ్రంథముంది. ఎప్పుడో ఎవరో అందులోని చిన్న చిన్న రంగుల బొమ్మలను కత్తిరించుకుపోయారు. పుటల్లో చదరపు కంతలు మిగిలాయి. కత్తిరించిన బొమ్మల్లో కొన్ని పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో దొరికాయి. ఇప్పుడు తెర మీద పుట షాతోరూ నుంచి వస్తుంది, కంతలో కూర్చునే బొమ్మ పారిస్ నుంచి వస్తుంది. ఒక్క మీట నొక్కితే బొమ్మ కంతలోకి వచ్చి వాలుతుంది. గ్రంథం, బొమ్మ రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముందే కలిసిన రెండు గ్రంథాలు

ఈ ప్రమాణం నలుగురికీ అలవాటు కాకముందే సరిహద్దులు దాటి కలిసిన గ్రంథాలున్నాయి. కోడెక్స్ సినాయ్‌టికస్ 4వ శతాబ్దంలో గ్రీకు భాషలో తోలు పత్రాల మీద రాసిన బైబిల్. ఈజిప్టులోని సెయింట్ కాథరిన్ మఠం నుంచి 19వ శతాబ్దంలో బయటికి పోయింది. ఇప్పుడు లండన్‌లో 347 పత్రాలు, జర్మనీలోని లైప్జిగ్‌లో 43, మఠంలో కొన్ని, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొన్ని ముక్కలు ఉన్నాయి. నాలుగు సంస్థలూ 2005లో ఒప్పందం చేసుకుని, 2009 జులైలో మొత్తం గ్రంథాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఆ ఒప్పందంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గ్రంథం మఠం నుంచి ఎలా బయటికి వెళ్ళిందన్న వివాదాస్పద చరిత్రను కూడా నలుగురూ కలిసి రాయాలని ఒప్పుకున్నారు.

రెండోది మన రామాయణం. మేవాడ్ రాణా జగత్‌సింగ్ 1649–53 మధ్య వాల్మీకి రామాయణానికి నాలుగు వందలకు పైగా చిత్రాలతో ప్రతి రాయించాడు. లేఖకుడు హీరానంద్, చిత్రకారుల్లో ప్రధానుడు సాహిబ్ దీన్ అనే ముస్లిం. సాహిబ్ దీన్ పద్ధతి ప్రత్యేకమైనది. ఒకే చిత్రంలో రాముడు నాలుగు చోట్ల కనిపిస్తాడు. ఒక మూల మాట్లాడుతూ, నడిమిన నడుస్తూ, ఇంకో మూల యుద్ధం చేస్తూ. కన్ను ఒక క్రమంలో తిరిగితే కథ నడుస్తుంది. అచ్చులో అరచేతి సైజుకు కుదించినప్పుడు ఈ నడక కనిపించదు, తెర మీద పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఆ ప్రతిలో నాలుగు సంపుటాలను మహారాణా భీమ్‌సింగ్ బ్రిటిష్ అధికారి జేమ్స్ టాడ్‌కు ఇచ్చాడు. ఆయన ఇంగ్లండు తీసుకెళ్ళాడు. 1844లో బ్రిటిష్ మ్యూజియం వాటిని కొంది, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మిగిలిన భాగాలు ముంబయిలో, రాజస్థాన్‌లో, మరికొన్ని చోట్ల ఉండిపోయాయి. 2014లో బ్రిటిష్ లైబ్రరీ, ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం కలిసి చిత్రాలన్నిటినీ ఇంటర్నెట్‌లో ఒకే వరసకు తెచ్చాయి. నూటయాభై ఏళ్ళకు పైగా విడివిడిగా ఉన్న కాండలు అప్పుడే ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

అయితే ఈ రెండూ ఒక్కో గ్రంథానికి ప్రత్యేకంగా కట్టిన ఇంటర్నెట్ వేదికలు. ఇలాంటి ప్రత్యేక ఏర్పాట్లకు కాలదోషం పడుతుంది. 2020 చివర్లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆపేసినప్పుడు, దాంతో కట్టిన మ్యూజియం పేజీలెన్నో ఒక్కసారిగా పనిచెయ్యకుండా పోయాయి. ఉమ్మడి ప్రమాణం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రాతి మీది పేర్లు

అమరావతి విషయంలో ఒక భాగం ఇప్పటికే చక్కగా జరిగింది, మనలో చాలామందికి తెలియకుండానే. స్తూపం పలకల మీద, స్తంభాల మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లుంటాయి. రాజుల పేర్లకన్నా మామూలు మనుషుల పేర్లే ఎక్కువ: భిక్షుణులు, వర్తకులు, గృహస్థులు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. ఇలాంటి రాళ్ళు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో, కొన్ని అమరావతిలో ఉన్నాయి.

ఫ్రాన్స్‌కు చెందిన దూర ప్రాచ్య అధ్యయన సంస్థ తరఫున ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ తూర్నియే తదితరులు 2016లో మన మ్యూజియాల్లో, క్షేత్రాల్లో తిరిగి శాసనాలను మళ్ళీ పరిశీలించారు. ‘ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ’ పేరుతో వాటి పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. అవి బొమ్మలు కావు, అక్షరాలు. తేడా చాలా ఉంది. శాసనం ఫొటోలో పేరును వెతకలేం, అక్షరాలుగా ఎక్కిస్తే ఒక్క క్షణంలో వెతకొచ్చు. ఎక్కడ అక్షరం చెరిగింది, ఎక్కడ పండితుడు ఊహించి పూరించాడు, ఎవరి పాఠం ఎక్కడ తేడాగా ఉంది అన్న వివరాలు కూడా గుర్తులతో నమోదవుతాయి. 2010లో యూనికోడ్‌లో బ్రాహ్మీ లిపికి కూడా చోటు దొరికింది కనుక ఆనాటి అక్షరాలనే కీబోర్డు మీద కొట్టొచ్చు.

ఒక దాత కుటుంబం పేరు లండన్ రాయి మీద, చెన్నై రాయి మీద ఒకే తీరుగా కనిపిస్తే ఆ రెండూ ప్రాకారంలో దగ్గర దగ్గరగా ఉండేవేమో అని అడగొచ్చు. మెకంజీ గీయించిన చిత్రాలు, ట్రైప్ ఫొటోలు, రాతి నమూనాలు, శాసన పాఠాలు ఒకే జాబితాకు చేరిననాడు ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడం ఒక డిగ్రీ విద్యార్థి చెయ్యగల పని అవుతుంది. ఆ జాబితా ఇంకా తయారు కావాలి. బొమ్మలకున్న చిరునామా పద్ధతిని మూడు కొలతల నమూనాలకు విస్తరించే పని కూడా ఇప్పుడు నడుస్తోంది.

బొమ్మ ఇస్తే లెక్క తీరినట్టు కాదు

19వ శతాబ్దంలో వస్తువు వెళ్ళిపోయేది, దాని బొమ్మ కూడా ఇక్కడ మిగిలేది కాదు. ఈ దిశ ఇప్పుడు మారుతోంది. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ప్రమాదంలో ఉన్న పత్రాల పరిరక్షణ కార్యక్రమానికి ఒక నియమముంది: అసలు ప్రతి సొంత దేశం దాటకూడదు, డిజిటల్ ప్రతి మాత్రమే ప్రయాణించాలి. ఇది మంచి మార్పు.

కానీ దీన్ని సాకుగా వాడుకునే ప్రమాదమూ ఉంది. ‘బొమ్మలు ఇంటర్నెట్‌లో పెట్టాం కదా, రాళ్ళెందుకు?’ అన్న వాదనను నేను ఒప్పుకోను. రాయి ఎవరిదన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, దానికి నమూనా జవాబు కాదు. సున్నపురాయి చల్లదనాన్ని, స్తంభం పక్కన నిలబడ్డ మనిషికి కలిగే చిన్నతనాన్ని తెర ఇవ్వలేదు. డిజిటల్ ప్రతిని ఆ ప్రశ్న తేలేలోగా మన పిల్లలు చదువుకోవడానికి దొరికిన దారిగా చూడాలి.

బొమ్మ వాడుకునే హక్కు కూడా చూసుకోవాలి. బ్రిటిష్ మ్యూజియం తన ఫొటోలను వ్యాపారేతర పనులకు మాత్రమే ఉచితంగా ఇస్తుంది. అమరావతి మీద పుస్తకం వేసి అమ్మాలనుకున్న తెలుగు ప్రచురణకర్త విడిగా అనుమతి తెచ్చుకోవాలి.

ఇక ఫైళ్ళ ఆయుష్షు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద పెద్ద దాడి జరిగింది. అక్కడి డిజిటల్ రాతప్రతులు పాఠకులకు చాలాకాలం అందలేదు. రాయి రెండువేల ఏళ్ళు నిలిచింది, ఫైలు ఇరవై ఏళ్ళు నిలవాలంటే రోజూ ఎవరో ఒకరు కాపు కాయాలి. ఒకే ఫైలును కనీసం రెండు మూడు ఊళ్ళలో దాచాలి. ప్రతి ఫైలులోని అంకెల నుంచి ఒక చిన్న గుర్తు సంఖ్యను లెక్కగట్టి పెట్టుకుని, ఏటేటా మళ్ళీ లెక్కగట్టి సరిపోల్చాలి. సంఖ్య మారితే ఫైలు చెడినట్టు, అప్పుడు ఇంకో ఊరి ప్రతి నుంచి బాగు చేసుకోవాలి. లండన్‌లోని బొమ్మల ప్రతి ఒకటి మన దగ్గర ఉండాలని అడగడానికి ఇదే గట్టి కారణం. ఇది వాళ్ళకూ మేలే.

అమరావతిని తెర మీద కలపడానికి కొత్తగా కనిపెట్టవలసిన యంత్రమేదీ లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కేంద్ర పురావస్తు శాఖ, చెన్నై ప్రభుత్వ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం ఒక ఒప్పందం మీద సంతకం చెయ్యాలి, జాబితా రాయడానికి శాసన పండితులకు, విద్యార్థులకు కొన్నేళ్ళ జీతాలివ్వాలి. ఆ జాబితాలో ప్రతి రాయికి తెలుగులో వివరణ ఉండాలన్న షరతు మనం ఇప్పుడే పెట్టాలి. లేకపోతే విధికుడు ఇచ్చిన పలక గురించి ప్రపంచమంతా చదువుకుంటుంది, అది నిలిచిన ఊరి బడిపిల్లలు తప్ప. మీ శాసనసభ్యుడికి, మీ ఊరి కాలేజీ చరిత్ర శాఖకు ఈ మాట రాయండి.